వానపాము వాంగ్మూలం

పురుగుమందు డబ్బాపై ఉండే రంగు గుర్తు రైతులకు సుపరిచితం. 1971 నాటి కీటకనాశినుల నిబంధనల ప్రకారం ఎరుపు తీవ్రవిషాన్ని, ఆకుపచ్చ స్వల్పవిషాన్ని సూచిస్తాయి. పసుపు, నీలం ఈ రెంటికీ నడుమవి. ప్రయోగజంతువు నోటిద్వారా గాని, చర్మంద్వారా గాని లోనికి పోయి ప్రాణం తీయగల మోతాదే ఈ విభజనకు ఆధారం. మందు చివరకు చేరే నేలలోని జీవుల సంగతి ఆ రంగు చెప్పదు. ఆకుపచ్చ గుర్తు నేలకు అభయహస్తం కాదని మేము మనవి చేస్తున్నాము.

నేలను గుల్లపరచే వానపాము సేవను చార్లెస్ డార్విన్ 1881లోనే ఒక గ్రంథంలో వివరించాడు. ఆ జీవిపై రసాయనాలను పరీక్షించే పద్ధతిని ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 1984లో నిర్దేశించింది. నూటికి 70 పాళ్ళు ఇసుక, 20 పాళ్ళు తెల్ల బంకమట్టి, 10 పాళ్ళు చిత్తడినేలల నాచుమట్టి కలిపిన కృత్రిమ మృత్తికలో, సుమారు 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 14 దినాలలో ఎన్ని మరణించాయో లెక్కించడమే అందలి ముఖ్యాంశం. కాని మరణమొక్కటే కీడు కాదు గదా! 2004లో వచ్చిన మరొక పద్ధతి 56 దినాల తరువాత పిల్లలను లెక్కిస్తుంది. శిలీంధ్రాల తెగుళ్ళకు వాడే కార్బెండజిమ్ వానపాముల సంతతిని తగ్గిస్తుందన్నది ఎంత రూఢమంటే, పరీక్ష సరిగా సాగినదీ లేనిదీ తెలుసుకొనడానికి దానినే ఒరగల్లుగా వాడతారు.

అయితే ఆ పరీక్షలలోని ఐసీనియా ఫెటిడా ఎరువు కుప్పలలో పెరిగే జాతి. మన నేలలలో కనబడే లాంపిటో మారిటీ వేరు. మన రేగడి, చల్కా నేలలు ఆ కృత్రిమ మృత్తిక కావు. మన ఎండలు 20 డిగ్రీలతో ఆగవు. దేశదేశాల ఫలితాలను పోల్చడానికి ఒకే కొలత అవసరమే. కాని ఆ తీర్పును యథాతథంగా మన పొలాలకు అన్వయించే ముందు మన నేల సాక్ష్యాన్ని కూడా వినవలదా?

ఇందుకు గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. ఒక పెట్టెకు నడుమ అడ్డుపెట్టి, ఒకవైపు మందు కలిపిన మట్టి, మరొకవైపు కలపని మట్టి పోసి, అడ్డు తీసి ఆ గీతపై వానపాములను విడిచి, 48 గంటల తరువాత అవి ఎటు చేరాయో లెక్కించే పద్ధతి ఉన్నది. అధ్యాపకుల పర్యవేక్షణలో మన జంతుశాస్త్ర, రసాయనశాస్త్ర శాఖలు ఈ పని చేపట్టడానికి పాలకసంఘం అవకాశం కల్పించాలని కోరుతున్నాము.

భూమి మన సొత్తు కాదు, మన చేతికి వచ్చిన అమానతు. విద్యార్థులారా! సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు మీ పొలం మట్టిని ఒక సంచిలో తెండి. సంచిపై ఊరి పేరు, ఆ పొలంలో చల్లిన మందు పేరు వ్రాయండి.