పేరొక్కటి, పెట్టెలు రెండు

దమయంతీ స్వయంవరమున నలునివలె కనబడినవారు ఐదుగురు. ఆ సాధ్వి రూపమును నమ్మక, నేలనంటిన పాదములను, ఱెప్పపాటును చూచి నిజమైన నలుని గుర్తించెను. నేటి గృహిణికి కంప్యూటరు చెంతను ఇట్టి వివేకమే కావలసియున్నది.

మేడ గల యిండ్లలో క్రింద నొకటి, పైన నొకటి వైఫై యాక్సెస్ పాయింట్లను అమర్చి, రెండింటికిని ఒకే పేరు పెట్టుట కలదు. తెరపై ఆ పేరు మాత్రమే కనబడును. ఏ పెట్టెను చేరవలయునో నిశ్చయించునది చాలవరకు కంప్యూటరే. క్రింద నుండగా పట్టుకొనిన పెట్టెను, మేడపైకి గొనిపోయిన పిమ్మటను అది పలుమారు విడువదు. అంతట పిల్లల పాఠము నడుమ నిలిచిపోవును. కంప్యూటరు చెడినదని తలచి వేల రూపాయలు వ్యయపెట్టుటకు మనము సిద్ధపడుదుము.

పేరుగాక, ప్రతి యాక్సెస్ పాయింటునకును బి.ఎస్.ఎస్.ఐ.డి. అను ప్రత్యేకమైన గుర్తు కలదు. అంకెలును ఆంగ్లాక్షరములును కలిసి 12. రెండేసి చొప్పున 6 జతలుగా నుండును. ఒకే పెట్టె 2.4, 5 గిగాహెర్ట్‌జ్‌లు రెంటను పనిచేయుచో, సాధారణముగా ఒక్కొక్కదానికి వేఱు గుర్తుండును.

దీనిని చూచుటకు విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెఱచి, నెట్‌ష్ వ్లాన్ షో ఇంటర్‌ఫేసెస్ అని ఆంగ్లమున టైపు చేయవలెను. మొదటి మాట ఎన్, ఇ, టి, ఎస్, హెచ్. రెండవది డబ్ల్యు, ఎల్, ఎ, ఎన్. విండోస్ 11 యొక్క క్రొత్త రూపములలో ఇందులకు లొకేషన్ అనుమతి కావలయును. మాక్‌లో ఆప్షన్ మీటను నొక్కిపట్టి, పైనున్న వైఫై చిహ్నముపై క్లిక్ చేసిన చాలును.

సోదరీమణులకు మా సూచన యిది. ఒక్కొక్క పెట్టె చెంత నిలిచి, వైఫైని ఆపి మరల పెట్టి, కనబడిన గుర్తును పద్దుపుస్తకమున వ్రాసికొనుడు. పాఠము నిలిచిన దినమున అప్పటి గుర్తును దానితో పోల్చుడు. దూరపు పెట్టెదైనచో, మరల వైఫైని ఆపి పెట్టుడు. తఱచుగా దగ్గఱి పెట్టె దొరకును. గుర్తు దగ్గఱిదే యైనచో లోపము వేఱొకచోట నున్నదని తెలియును.

పేరును ఎవరైనను పెట్టుకొనవచ్చును. నేర్పరి యైన వంచకుడు గుర్తును సైతము అనుకరింపగలడు. కావున గట్టి పాస్‌వర్డ్ మానరాదు. అయినను, ఇంటిలో ఖర్చునకు పూనుకొనుటకు ముందు ఆ పండ్రెండింటిని చూచుట గృహిణికి లాభమే.