రెడ్ కార్నర్ నోటీసుకు రెండు లక్షలా?

తణుకు నుంచి ఓ తల్లి ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు కనుక వెయ్యడం లేదు. అమెరికా సంబంధమని మురిసిపోయి మూడేళ్ళ కిందట కూతురి పెళ్ళి చేశారు. ఇరవై రోజులు తిరక్కుండానే అల్లుడు విమానమెక్కాడు. వీసా కాగితాలు ఇదిగో పంపుతున్నా, అదిగో పంపుతున్నా అన్నవాడు ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. అమ్మాయికి పెట్టిన బంగారం అత్తవారి లాకర్లోనే ఉండిపోయింది. పోలీసు కేసు పెట్టారు.

"ఈమధ్య ఒకాయన వచ్చి, రెండు లక్షలిస్తే మీ అల్లుడి మీద రెడ్ కార్నర్ నోటీసు వేయిస్తాను, ఇంటర్‌పోల్ వాళ్ళు బేడీలు వేసి తీసుకొస్తారు అన్నాడు. నా గాజులు తాకట్టు పెడదామని మావారంటున్నారు. పెట్టమంటారా?" అని అడిగారు.

వద్దమ్మా. గాజులు బీరువాలోనే ఉండనివ్వండి. ఎందుకో చెబుతాను.

సినిమాల్లో చూపించినట్టు తుపాకీ పట్టుకుని దేశదేశాలూ తిరిగి నేరస్థుల్ని పట్టుకునే పోలీసులు ఇంటర్‌పోల్‌కు లేరు. 1923లో పుట్టిన ఈ సంస్థ కార్యాలయం ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఉంది. 196 దేశాలు సభ్యులు. మన దేశం 1949లో చేరింది. ఒక దేశం పోలీసుల కబురు ఇంకో దేశం పోలీసులకు చేరవేయడం దాని పని. మన దేశంలో ఆ కబుర్లు చూసేది ఢిల్లీలోని సి.బి.ఐ.

ఆ కబుర్లకే రంగులున్నాయి. మన పోపుల డబ్బాలో ఏ గిన్నె ఎందుకో చూడగానే తెలిసినట్టు, కాగితం రంగు చూస్తే సంగతేమిటో పోలీసులకు తెలిసిపోతుంది. పసుపు నోటీసు తప్పిపోయినవాళ్ళ కోసం, ముఖ్యంగా పిల్లల కోసం. నీలం ఒక మనిషి వివరాలు, ఆచూకీ తెలుసుకోవడానికి. ఆకుపచ్చ ఫలానావాడితో జాగ్రత్త అని చెప్పడానికి. నారింజ ముంచుకొచ్చే ప్రమాదానికి. ఊదా నేరం చేసే పద్ధతుల గురించి. అక్రమ ఆస్తుల జాడ తీయడానికి 2025లో వెండి రంగు నోటీసు కూడా ప్రయోగంగా మొదలుపెట్టారు.

నలుపు నోటీసు పేరు తెలియని శవాలకు. దాని సంగతి ఒకటి చెప్పాలి. 1992లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ నగరంలో నదిలో ఒక యువతి శవం దొరికింది. హత్య అని తేలింది గానీ ఆమె ఎవరో తెలియలేదు. చేతి మీద నల్ల గులాబి పచ్చబొట్టు మాత్రం ఉంది. 2023లో బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్ పోలీసులు ఇంటర్‌పోల్‌తో కలిసి, ఇలా పేరు తెలియకుండా పోయిన 22 మంది స్త్రీల వివరాలు లోకానికి చూపించారు. బ్రిటన్‌లో ఆమె ఇంటివాళ్ళు వార్తల్లో ఆ పచ్చబొట్టు చూసి పోల్చుకున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ సమాధికి ఒక పేరు దొరికింది.

ఇక ఎరుపు. కాగితం మూల ఎర్రగా ఉంటుంది కనుక మనవాళ్ళు రెడ్ కార్నర్ అంటారు. అసలు పేరు రెడ్ నోటీసే. "ఈ మనిషి మా కోర్టుకు కావాలి. ఎక్కడున్నాడో చూసి, మేము అప్పగింత అడిగేలోగా ఆపి ఉంచండి" అని చేసే విన్నపం అది. అంతేగాని అరెస్టు వారంటు కాదు. మన్నించాలో లేదో ఆ దేశం చట్టం ఇష్టం. అమెరికాలోనైతే రెడ్ నోటీసు ఒక్కదాన్నే పట్టుకుని ఎవరినీ అరెస్టు చెయ్యరు.

నోటీసు ఉన్నంత మాత్రాన మనిషి దొరకడు, లేనంత మాత్రాన తప్పించుకోడు. పంజాబ్ నేషనల్ బ్యాంకు కేసులో నిందితుడు మెహుల్ చోక్సీ మీద 2018లో రెడ్ నోటీసు వచ్చింది. తర్వాత ఇంటర్‌పోల్ దాన్ని ఎత్తేసింది. అయినా 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం నేరుగా అడిగితే బెల్జియం పోలీసులు అరెస్టు చేశారు.

మన తణుకు అమ్మగారికి ముఖ్యంగా తెలియాల్సింది ఇంకొకటుంది. కుటుంబ విషయాలకూ, సొంత తగాదాలకూ సంబంధించిన నేరాలకు రెడ్ నోటీసు ఇవ్వకూడదని ఇంటర్‌పోల్ నిబంధనల్లోనే ఉంది. భార్యను వేధించిన కేసు (పాత 498-ఏ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్) మనకు పెద్ద నేరమే. కానీ అక్కడివాళ్ళు దాన్ని ఇంటి గొడవగా చూసి తిప్పి పంపే అవకాశమే ఎక్కువ. పైగా కోర్టు నాన్-బెయిలబుల్ వారంటు ఇచ్చాక, మన పోలీసులు సి.బి.ఐ. ద్వారా అడగాలి. మధ్యవర్తులకు ఇందులో చోటు లేదు, ఫీజు అంతకన్నా లేదు.

మరి ఏం చెయ్యాలి? చేతిలో ఉన్న పనులివి.

ఒకటి, కేసులో చార్జిషీటు పడిందో లేదో కనుక్కోండి. అల్లుడు కోర్టుకు రాకపోతే వారంటు కోసం లాయరుగారి చేత అడిగించండి.

రెండు, జిల్లా ఎస్పీగారిని కలిసి లుకౌట్ సర్క్యులర్ కోసం అర్జీ పెట్టండి. ఇది మన దేశంలోదే. తండ్రి షష్టిపూర్తికో, చెల్లెలి పెళ్ళికో ఆ అబ్బాయి ఎప్పుడో ఒకప్పుడు రాకపోడు. విమానాశ్రయంలోనే ఇమిగ్రేషన్ వాళ్ళు గుర్తుపడతారు.

మూడు, అతని పాస్‌పోర్టు భారతదేశానిదే అయితే, కేసు, వారంటు కాగితాలు జతచేసి పాస్‌పోర్టు అధికారికి రాయండి. 1967 పాస్‌పోర్టు చట్టం 10వ సెక్షన్ కింద దాన్ని స్వాధీనం చేసుకునే వీలుంది.

నాలుగు, జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస భారతీయుల పెళ్ళిళ్ళ ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడికీ రాయండి.

అయిదు, బంగారం. అది అమ్మాయి స్త్రీధనం, అత్తవారిది కాదు. 1985లోనే సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. బిల్లులు, పెళ్ళి ఫొటోలు దగ్గర పెట్టుకుని జాబితా రాసి పోలీసులకు ఇవ్వండి. అల్లుడు రాకముందే తేలగలిగేది ఇదే కావచ్చు.

కేసు లేని ఇళ్ళవాళ్ళకూ ఒక మాట. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా వేసుకుని "మీ పేరు మీద ఇంటర్‌పోల్ నోటీసు ఉంది, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఈ ఖాతాలో డబ్బు వెయ్యండి" అనే మోసగాళ్ళు తయారయ్యారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. ఫోను పెట్టేసి, ఇంట్లోవాళ్ళకు చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

నోటీసు వేయిస్తానన్నా, తీయిస్తానన్నా, డబ్బు అడిగాడంటే మోసమే. తణుకు అమ్మగారూ, ఆ పెద్దమనిషి మళ్ళీ వస్తే, ఎస్పీ ఆఫీసులో కలుద్దాం రమ్మనండి. రాడు. గాజులు మీ చేతికే వేసుకుని, జాబితా కాగితం పట్టుకుని మీరు మాత్రం వెళ్ళండి.