రేవున నిర్ణయమగు ఆయువు

నౌరు అను దేశము పేరు మనలో పెక్కుమంది విని యుండరు. పసిఫిక్ మహాసముద్రమున 21 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి అది. పూర్వము అచటి ప్రజలు చేపలు, కొబ్బరి, మొగలిజాతి చెట్ల పండ్లు తిని జీవించెడివారు. 20వ శతాబ్ది ఆరంభము నుండి విదేశీయులు ఆ నేలను త్రవ్వి, అందలి ఫాస్ఫేటును ఆస్ట్రేలియా, న్యూజీలాండు పొలములకు ఎరువుగా తరలించిరి. 1968లో స్వాతంత్ర్యము వచ్చినది; ఆదాయము దీవివారికి దక్కినది; కాని దీవిలో అధికభాగము పైరుకు పనికిరాకుండ పోయినది. బియ్యము, పిండి, పంచదార, డబ్బాలలోని మాంసము ఓడలపై దిగినవి. 1975లో వైద్యులు పరీక్షింపగా వయోజనులలో ఇంచుమించు మూడవవంతు మందికి మధుమేహము కలదని తేలెను.

గుండెజబ్బు, క్యాన్సరు, మధుమేహము, శ్వాసకోశవ్యాధులచే 30 ఏండ్లు నిండినవారు 70 ఏండ్లలోపున మరణించుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ అకాలమరణముగా లెక్కించుచున్నది. పసిఫిక్ దీవులలో పెక్కింట ఇట్టి మరణములు ప్రపంచపు సగటు కంటె అధికము. ఇది తిండిపోతుతనపు ఫలమని కొందరందురు. మేమట్లు తలపము. అంగడిలో లేని వస్తువును ఎవ్వరు కొనగలరు?

హిందూ మహాసముద్రములోని మారిషస్ దీవి మా మాటకు సాక్ష్యము. ఆ దీవి మనకు పరాయిది కాదు. 19వ శతాబ్దమున మన యానాము చెంతనున్న కోరంగి రేవు నుండి తెలుగు కూలీలు అచటికి ఓడలెక్కిరి. అందుచే వారిని అచట కోరంగీలనిరి. వారి సంతతివారు నేటికిని అచట కలరు. గుండెజబ్బులు పెరుగుట గాంచి 1987లో ఆ దేశప్రభుత్వము ఆరోగ్యప్రచారమునకు పూనుకొనుటయే గాక, చౌకధర నూనెలో పామాయిలుకు బదులు సోయానూనెను ప్రవేశపెట్టెను. ప్రతి యిల్లాలును ఎప్పటి నూనెగానే కొని వండినది. 1992 నాటికి ప్రజల రక్తములోని కొలెస్టరాలు సగటున ఏడవవంతు తగ్గెను. మధుమేహము మాత్రము తగ్గలేదు. ఒక్క యుత్తరువు సర్వరోగనివారిణి కాదు. అయినను అది వ్యర్థమును కాదు.

నౌరు సైతము 2007లో పంచదారపై, తీపి పానీయములపై 30 శాతము సుంకము విధించి, సీసానీళ్ళపై సుంకమును తొలగించెను. ఈ మార్గమే సరియైనదని మా యభిప్రాయము. వైద్యశాలలు అవసరమే; కాని రోగి అచటికి చేరుసరికి ఆలస్యమగుచున్నది. మితాహారమును బోధించు పెద్దలు, ఆ బోధతోపాటు, పళ్ళెములోనికి ఏది వచ్చుచున్నదో, దానిని ఎవరు నిర్ణయించుచున్నారో పిల్లలకు తెలుపవలెను. ఆ ప్రశ్న నడుగ నేర్చిన ప్రజలే తమ ఆయువును తాము కాపాడుకొందురు.