అతగాడి బిందె

తెలుగు కథల ఆంగ్లానువాదాలకు బహుమతులిచ్చే పోటీ ఒకటి ఉంది. పేరు అనవసరం. మన పత్రికలో వచ్చిన ఒక కథను మిత్రురాలొకరు ఇంగ్లీషు చేసి దానికి పంపారు. వీధి కుళాయి దగ్గర జరిగే కథ. వరసలో ఉన్నదంతా ఆడవాళ్లే. వాళ్లలో ఎవరో తమ బిందెను కాస్త ముందుకు జరుపుతారు, రగడ మొదలవుతుంది. ఆమె ‘సమ్‌వన్’ అని రాసి, దాని వెనక బిందెకు ‘దెయిర్’ అని తగిలించారు. న్యాయనిర్ణేత ‘దెయిర్’ కొట్టేసి ఎర్రసిరాతో ‘హిజ్’ అని దిద్దారు. అంచున ‘వ్యాకరణం బలహీనం’ అని రాసి తిప్పి పంపారు. ఆ వరసలోకి అతగాడెవడు వచ్చాడో, బిందె ఎందుకు తెచ్చాడో కథలో ఎక్కడా లేదు.

బహుమతి రాలేదని మాకేం బాధ లేదు. ఉన్నా ఇక్కడ రాయం. మా గొడవంతా ఆ అంచురాతతోనే.

సూత్రం హైస్కూలు దాటిన ప్రతివారికీ కంఠతా వచ్చినదే. రెన్ అండ్ మార్టిన్ ప్రసాదం. ఎవ్రీవన్, ఎనీవన్, ఈచ్, నోబడీ ఏకవచనాలు, కాబట్టి వాటి వెనక వచ్చే సర్వనామమూ ఏకవచనమే కావాలి, ఆడో మగో తెలియకపోతే మగవాడనుకోవాలి. లెక్కల సూత్రంలా ఉంటుంది కనుక మాస్టర్లకు ప్రీతి. కానీ ఇంగ్లీషువాళ్ల నోట్లో ఈ లెక్క ఏనాడూ లేదు. పధ్నాలుగో శతాబ్దం నుంచీ ఇలాంటి చోట్ల వాళ్లు ‘దే’, ‘దెయిర్’ వాడుతూనే ఉన్నారు. చాసర్ వాడాడు, షేక్‌స్పియర్ వాడాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఉంది. జేన్ ఆస్టిన్ నవలల్లోనైతే డజన్ల కొద్దీ దొరుకుతాయి. మన న్యాయనిర్ణేత చేతికి చిక్కి ఉంటే ఆవిడకూ వ్యాకరణం బలహీనమే.

సూత్రం పుట్టింది పంతుళ్ల బల్లల మీద. 1745లో న్యూకాజిల్‌లో బడి నడిపిన ఆన్ ఫిషర్ తన వ్యాకరణంలో, ఆడామగా ఇద్దరినీ చెప్పాల్సిన చోట పుంలింగం ఒక్కటే చాలునని రాశారు. ఆ మాటను మొదట అచ్చులోకి తెచ్చింది ఆవిడే అంటారు. ఒక స్త్రీ చేతి మీదుగా రావడం చరిత్ర ఆడిన ఎకసెక్కం. యాభై ఏళ్లకు, 1795లో, లిండ్లీ మరే అనే ఆయన ‘ఎనీవన్’ వెనక ‘దెయిర్’ ఉన్న వాక్యాన్ని తప్పుల వరసలో నిలబెట్టి ‘హిజ్’గా దిద్ది చూపించాడు. ఆ పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల్లో పుంలింగం ఆడవాళ్లకూ వర్తిస్తుందని శాసనం చేసింది. పదేళ్లకు అది మన పీనల్ కోడ్ 8వ సెక్షన్లోకి, 1897లో జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్లోకి దిగుమతి అయింది. మాకో సందేహం. ‘హీ’ అన్న మాటలో ఆడవాళ్లు తమంతట తామే ఇమిడిపోయేటట్టయితే, ఇమిడారని ఇన్నిసార్లు చట్టం చెయ్యడమెందుకు? కొత్త భారతీయ న్యాయ సంహిత ట్రాన్స్‌జెండర్లను కూడా అదే ‘హీ’లోకి చేర్చింది. ఇల్లు ఒంటిగదే, కాపురాలు మాత్రం పెరుగుతున్నాయి.

పోనీ, సూత్రాన్ని నమ్మినవాళ్లయినా దానికి కట్టుబడ్డారా? పోటీ పరీక్షల గైడు ఏదైనా తీసి క్వశ్చన్ ట్యాగుల పాఠం చూడండి. ‘ఎవ్రీబడీ హాజ్ కమ్’ అన్నదానికి ట్యాగ్ ఏమిటి? ‘హ్యావెంట్ దే’. ‘హాజంట్ హీ’ అని రాస్తే మార్కు పోతుంది. నాలుగు పేజీలు తిప్పి తప్పులు పట్టే పాఠానికి వెళితే అదే ఎవ్రీబడీ వెనక ‘దెయిర్’ ఉంటే తప్పు, ‘హిజ్’ ఒప్పు. ఒకే పుస్తకం, ఒకే పదం, రెండు తీర్పులు. గ్రూప్స్‌కీ బ్యాంకు ఉద్యోగాలకీ కూర్చునే పిల్లలు ఈ రెండింటినీ పక్కపక్కనే బట్టీపట్టి అరమార్కు కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకుంటున్నారు. ఇదీ మనం బలంగా ఉండాలని కోరుకునే వ్యాకరణం.

ఈ తగువులో తెలుగువాళ్లు పంతుళ్ల పక్షాన నిలబడటమే మాకు కొరుకుడు పడనిది. తలుపు చప్పుడైతే ఎవరో వచ్చారంటాం. వచ్చింది ఒక్కరేనని తెలిసీ ‘ఒకరు వచ్చారు’ అంటాం. ఒకటి అనే లెక్క మాటలోనే ఉంది, క్రియ బహువచనంలో ఉంది, నోరు ఎక్కడా తడబడదు. ప్రతివారూ తమ పని తాము చూసుకోవాలంటాం. ఇంగ్లీషువాడి ‘ఎవ్రీవన్’, ‘దెయిర్’ చేస్తున్నది అచ్చంగా ఈ పనే. ‘ఆమె వచ్చింది’ అంటూ ఆడవాళ్లకు అమహత్తు క్రియను, అంటే పశువులకూ వస్తువులకూ వాడే క్రియను, తగిలించే మన భాష ఆడవాళ్ల పట్ల మహా మర్యాదస్తురాలని మేం అనం. కానీ ఈ ఒక్కచోట దాని తీరు ఆ న్యాయనిర్ణేత తీరు కన్నా నయం. మన ఇంట్లో రోజూ అనే మాట పరాయి భాషలో ఎదురైతే గుర్తుపట్టలేని పాండిత్యాన్ని ఏమనాలి?

గిడుగు రామమూర్తి పంతులు గ్రాంథికవాదులతో తలపడింది ఇందుకే కదా. జనం వాడుకే వ్యాకరణానికి ప్రమాణమన్నారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో, శాసించిన పండితులే తమ సూత్రాలు తప్పిన చోట్లను బయటపెట్టారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం, మర్నాడు లిండ్లీ మరేకు ఊడిగం చేస్తాం. ఇంగ్లీషుకు అసలు సొంతదారులే దిగొచ్చారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి గ్రంథం 2019 కూర్పులో ఏకవచన ‘దే’ను సమర్థించింది. పట్టుదలకు పేరుపడ్డ షికాగో మాన్యువల్ కూడా 2024 కూర్పులో ఒప్పుకుంది. దొర వదిలేసిన కొరడాను మనవాళ్లు నూనె రాసి దాచుకున్నారు.

పరీక్షకు ఏదో ఒక ప్రమాణం ఉండొద్దా అంటారు కొందరు. ఉండాలి, పాతికేళ్ల నాటి గైడు మాత్రం కాకూడదు.

పోటీ నిర్వాహకులకు మా మనవి ఒక్కటే. దిద్దేవారి చేతికి సిరా ఇచ్చే ముందు ఏ వ్యాకరణం, ఏ కూర్పు అనుసరించాలో నియమాల్లో అచ్చువేయండి. నియామక పరీక్షల ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు మరొకటి. ఈ ప్రశ్న మానేయండి. మానలేకపోతే ‘హిజ్’ రాసినవారికీ ‘దెయిర్’ రాసినవారికీ సమానంగా మార్కులు వేయండి. కీలో ఒక గీత గీస్తే అయిపోయే పని.