స్కోన్ కాదు... స్కాన్!

అరచేతిలో ఇమిడే గుండ్రటి రొట్టె. మధ్యకు విడదీసి, వెన్న, జామ్ పట్టించి, వేడి వేడి టీతో తింటారు. తినడంలో గొడవేం లేదు, పలకడంలోనే ఉంది! ‘ఫోన్’లా ‘స్కోన్’ అనాలని బ్రిటన్‌లో కొందరంటారు. కాదు, ‘కాఫీ’లో ‘కా’ పలికినట్టు ‘స్కాన్’ అనాలని ఇంకొందరు. (ఆస్పత్రిలో తీసే స్కాన్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు!) స్కాట్లాండ్‌లో ఎక్కువమందిది రెండో పక్షమే. వాళ్లు కాస్త గట్టిగా వాదించడానికీ కారణముంది. ఇంగ్లిషుకి ఈ మాటను అప్పిచ్చింది వాళ్ల స్కాట్స్ భాషే మరి.

ఈ పదం రాతలో మొదట కనిపించింది వంటల పుస్తకంలో అనుకుంటే పొరపాటే. లాటిన్ మహాకవి వర్జిల్ రాసిన ‘ఈనియడ్’ను గావిన్ డగ్లస్ అనే కవి స్కాట్స్‌లోకి అనువదించి, 1513లో పూర్తిచేశాడు. అందులో ఓ సరదా ఘట్టం ఉంది. ఓడిపోయి దేశాలు పట్టుకు తిరుగుతున్న ట్రాయ్ వీరులు ఇటలీ తీరం చేరతారు. విస్తళ్లలా గోధుమ రొట్టెలు పరిచి, వాటిమీద పళ్లు పెట్టుకుని తింటారు. ఆకలి తీరక ఆ రొట్టెలూ తినేస్తారు. అది చూసి ‘అయ్యో, బల్లలు కూడా తినేస్తున్నామే!’ అంటాడో కుర్రాడు. ఆకలితో బల్లలు తిన్నచోటే మీకు ఊరు దొరుకుతుందన్న పాత జోస్యం అలా నిజమవుతుంది. ఈ ఘట్టంలోని రొట్టెలకే డగ్లస్ ‘స్కోన్’ అన్న మాట వాడాడు.

అంతకుముందు ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చింది? సముద్రానికి అవతలి నుంచి అంటారు చాలామంది నిఘంటుకారులు. పాత డచ్చి భాషలో ‘స్కూన్‌బ్రోట్’ అంటే మేలిమి పిండితో చేసిన తెల్ల రొట్టె. స్కాట్లాండ్ వర్తకులు ఉన్ని అమ్ముకోవడానికి ఆ దేశానికి ఓడల్లో వెళ్లేవారు. వాళ్లతోపాటే ఈ మాటా ఒడ్డుకు చేరి ఉంటుంది. గేలిక్ భాషలో ముద్ద అని అర్థమున్న ‘స్గాన్’ నుంచి వచ్చిందన్నది మరో వాదం. పెర్త్ దగ్గర, ఒకప్పుడు రాజులకు పట్టాభిషేకం జరిగిన ‘స్కోన్’ ఊరి పేరే రొట్టెకు వచ్చిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. స్పెల్లింగ్ ఒకటే కానీ ఆ ఊరిని పలికేది ‘స్కూన్’ అని. కథ బాగుంది కానీ భాషావేత్తలు ఒప్పుకోరు.

అప్పటి స్కోన్ పొంగేది కాదు. ఓట్స్ లేదా బార్లీ పిండి కలిపి, పెనం మీద మన దిబ్బరొట్టెలా గుండ్రంగా కాల్చి, నాలుగు ముక్కలు కోసేవారు. ఒక్కో ముక్కను ‘ఫార్ల్’ అంటారు. అంటే నాలుగో వంతు అన్నమాట. 19వ శతాబ్దంలో బేకింగ్ పౌడర్ వచ్చాకే అది పొంగింది. పెనం దిగి ఓవెన్‌లోకి వెళ్లింది. అయినా స్కాట్లాండ్ పాత అర్థాన్ని వదల్లేదు. ఉడికించిన బంగాళాదుంపతో పెనం మీద పల్చగా కాల్చే ‘టాటీ స్కోన్’ అక్కడ ఇప్పటికీ ఉదయపు ఫలహారం.

మరి ఆ మాటను రాసిన స్కాట్స్ భాష ఏమైంది? ‘నేను రాసేది నా దేశభాషలో’ అని డగ్లస్ గర్వంగా చెప్పుకున్నాడు. 1707లో స్కాట్లాండ్, ఇంగ్లండ్ ఒకటయ్యాక క్రమంగా ఆ భాషకు ‘చెడిపోయిన ఇంగ్లిష్’ అనే ముద్ర పడింది. బడిలో స్కాట్స్ మాట్లాడిన పిల్లలు తోలుపట్టీ దెబ్బలు తిన్న రోజులున్నాయి. వంటింట్లో మాత్రం పట్టీ పట్టుకుని ఎవరూ కూర్చోలేదు. అమ్మమ్మలు స్కోన్లు కాలుస్తూనే ఉన్నారు, పిల్లలు ఆ పేరుతోనే అడిగి తింటూనే ఉన్నారు.

2022 జనగణనలో స్కాట్స్ మాట్లాడతామని 15 లక్షలకు పైగా జనం చెప్పారు. గేలిక్‌తోపాటు స్కాట్స్‌కూ అధికార హోదా ఇస్తూ 2025లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. డగ్లస్ అనువాదం పూర్తయి అప్పటికి 512 ఏళ్లు. కాగితం మీద గౌరవం దక్కడానికి అంతకాలం పట్టింది. పళ్లెంలో మాత్రం ఆ మాట ఎన్నడూ చల్లారలేదు!