కారు పొగ కూడా ఇంటి లెక్కే

కారు వెనకనుంచి పొగ వస్తోందంటే అది మగవాళ్ళూ మెకానిక్కూ మాట్లాడుకునే విషయమని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం. గ్యాస్ బండ ఎన్నాళ్ళొచ్చింది, పాలవాడికి ఎంతివ్వాలి, కరెంటు బిల్లు ఎందుకు పెరిగింది, అన్నీ మనమే చూస్తాం. కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం "ఆయన చూసుకుంటారులే" అంటాం. నాకిది నచ్చదండి. పొగ సంగతి ఎవరూ చూడని ఇంట్లో జరిగేవి రెండే. పట్టించుకోక ఇంజను పాడవుతుంది, లేదంటే ఎవరో "ఇంజను దింపాలి" అనగానే దాచుకున్న డబ్బు అక్కడ పోస్తాం.

నిజానికి పొగ గురించి మనకి తెలిసినంత ఎవరికి తెలుసు? ఇడ్లీ పాత్ర ఆవిరి వేరు, మూకుడులో మాడే నూనె పొగ వేరు, గాలాడని కట్టెల పొయ్యి మసి వేరు. కారులోనూ ఆ మూడే: తెలుపు, నీలం, నలుపు.

ముందు తెలుపు. ధనుర్మాసంలో మా ద్రాక్షారామంలో పొద్దున్నే మంచు పట్టి ఉంటే ఏ కారు స్టార్ట్ చేసినా తెల్లగా వస్తుంది, సైలెన్సర్ లోంచి నాలుగు నీటి చుక్కలు కూడా రాలతాయి. అది ఉత్త ఆవిరి. ఇంజను వేడెక్కితే పోతుంది. కానీ వేడెక్కాక కూడా దట్టంగా వస్తూ, కాస్త తియ్యటి వాసనేస్తూ, కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గుతోందంటే కూలెంట్ సిలిండర్లోకి దిగుతోందన్నమాట. చాలాసార్లు హెడ్ గాస్కెట్ పోయి ఉంటుంది. ఇక ఆ కారు నడపకూడదు. కూలెంట్ ఖరీదని బోరు నీళ్ళు పోసే అలవాటు చాలామందికి ఉంది. నీళ్ళు కాచే గిన్నెకి పట్టే గార రేడియేటర్‌కి పట్టదా? గార పట్టి, తుప్పు పట్టి, ఇంజను వేడెక్కి, చివరికి గాస్కెట్ దెబ్బతింటుంది. ఒక్క జాగ్రత్త: ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తియ్యకండి.

నీలం అంటే ఇంజనాయిల్ కాలుతోందని. ఇక్కడ రంగు ఒక్కటే చాలదు, ఎప్పుడొస్తోందో చూడాలి. రాత్రంతా ఆగిన కారు పొద్దున్న తియ్యగానే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే ముందు వాల్వు సీళ్ళని అనుమానించాలి. రోడ్డు మీద యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు, టర్బో ఉన్న బండికి టర్బో సీలు. సీళ్ళ పని చిన్నది, రింగుల పని పెద్దది.

మా మరిది సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకి ఇలాగే నీలం పొగొస్తే, ఒక షెడ్డులో మొత్తం ఇంజను పని చెయ్యాలన్నారు. మా తోటికోడలు ఒప్పుకోలేదు. వారం రోజులు రోజూ గమనించి, "తీసినప్పుడే వస్తోందండీ, తర్వాత రావట్లేదు" అని ఇంకో మెకానిక్కుకి చెప్పింది. ఆయన కంప్రెషన్ టెస్ట్ చేశాడు, బాగానే ఉంది. సీళ్ళు మార్చాడు, పొగ ఆగింది. ఇంజను దింపనేలేదు.

నలుపంటే ఇంధనం ఎక్కువై గాలి చాలట్లేదని. మొదట చూడాల్సింది అన్నిటికంటే చవకది, ఎయిర్ ఫిల్టర్. సార్వా కోతలకీ దాళ్వా కోతలకీ మన రోడ్ల మీద లేచే దుమ్మూ ధూళీ అందులోకే పోతాయి. అది బాగుంటేనే ఇంజెక్టర్లు, ఈజీఆర్ వాల్వు, సెన్సార్ల మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కారు నల్లగా పొగ వదిలితే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మసిని పట్టే ఫిల్టర్ దానికి ఉంటుంది. అదీ దాటి వస్తోందంటే ఏదో పాడైనట్టే.

"పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా" అంటారు. ఉండాలి, చట్టం. బీఎస్-4 నుంచి ఇటువైపు బండ్లకి ఏడాదికోసారి. కానీ అది ఆ కాసేపటి కొలత. పెట్రోలు కారుకి ఆగి ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడూ హైడ్రోకార్బన్లూ చూస్తారు. పొద్దున్న గుప్పుమన్న నీలం పొగ దానికి తెలీదు. కాగితం మందు కాదు.

"మనమేమైనా మెకానిక్కులమా?" అనచ్చు. కాదు. పిల్లాడికి జ్వరమొస్తే మనం డాక్టర్లమా? ఎప్పటినుంచి, ఎంత, దగ్గుందా అని చెప్పేది మాత్రం మనమే. సరిగ్గా చెబితేనే సరైన మందు. కారుకీ అంతే. ఏ రంగు, ఎప్పుడు, ఆయిల్ తగ్గిందా, కూలెంట్ తగ్గిందా. ఈ నాలుగూ చెప్పే మనిషికి అనవసరపు పని అంటగట్టడం కష్టం. కారణం తెలియకుండా "పొగ తగ్గించే" సీసాలు కొని పొయ్యడం కూడా నాకు దండగే అనిపిస్తుంది.

డబ్బు ఒక్కటే కాదండి. కార్తీకమాసంలో పంచారామాల యాత్రకి వచ్చిన కార్లు భీమేశ్వరుడి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఏసీ కోసం ఇంజను ఆపకుండా నిలబడతాయి. ఆ పొగ అరుగు మీద కూర్చున్న మామ్మగారికి, ఉయ్యాల్లో ఉన్న పసివాడికి. మనమూ సందులో కారు వెనక్కి పెడితే సైలెన్సర్ ఎదురింటి కిటికీకే. అసలు పొగే కనబడకపోయినా కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, మూసిన షెడ్డులో ఇంజను నడపనే కూడదు. మన వంటింటి పొగ పక్కింట్లోకి పోతే నొచ్చుకుంటాం. కారు పొగకి ఆపాటి సిగ్గు ఎందుకు లేదు?

రేపు ఆయన కారు తీసేటప్పుడు గుమ్మంలోనే ఉండిపోకుండా, కాస్త పక్కగా నిలబడి వెనక్కి చూడండి. ఏ రంగో కాలెండర్ మీద పాలలెక్క పక్కనే రాసుకోండి.