తోడేలు సాలీడుకి కళ్లేవీ?

సాలీడంటే ఏ మూలో గూడు అల్లుకుని, ఈగ వచ్చి పడేదాకా కాచుకునే జీవి అనుకుంటాం. తోడేలు సాలీళ్ల పద్ధతి వేరు. అవి వల పన్నవు. పెద్ద పెద్ద కళ్లతో చూసి, పరుగెత్తి మరీ పట్టుకుంటాయి. ఆ కళ్లే వాటి గుర్తు. అలాంటిది, హవాయి దీవుల్లోని కవాయిలో ఉండే ఓ తోడేలు సాలీడుకి అసలు కళ్లే లేవు! నేతిబీరలో నెయ్యి లాగన్నమాట.

ఇది 1971లో శాస్త్రవేత్తల కంటపడింది. ఉండేది ఆ దీవి దక్షిణ తీరాన, కొలోవా ప్రాంతంలోని లావా గుహల్లో. అగ్నిపర్వతం నుంచి పారిన లావా పైన గట్టిపడి, లోపలిది ముందుకు జారిపోతే మిగిలే సొరంగాలవి. లోపల కటిక చీకటి, గాలి నిండా తేమ. అక్కడ కళ్లతో పనేముంది? వాసన, స్పర్శలతోనే వేట సాగిస్తుంది. తేమ తగ్గితే మాత్రం బతకలేదు.

దీని సంతానమూ తక్కువే. పైన తిరిగే చుట్టాలు వందకు పైగా గుడ్లు పెడితే, ఇది పెట్టేది 15 నుంచి 30. ఆ గుడ్ల సంచిని తల్లి నోట కరుచుకుని తిరుగుతుంది.

మరి చీకట్లో తిండెక్కడిది? పైనున్న చెట్ల వేళ్లు గుహ కప్పు చీల్చుకుని కిందికి దిగుతాయి. కుళ్లిన వేళ్లను రొయ్యకు దూరపు బంధువైన ఓ గుడ్డి పురుగు తింటుంది. దాన్ని సాలీడు తింటుంది. అంటే పైన చెట్టు కొట్టేస్తే కింద పస్తే!

పైన జరిగింది సరిగ్గా అదే. కొలోవాలో 1835లో చెరకు తోటలు మొదలయ్యాయి. తర్వాత హోటళ్లు, గోల్ఫ్ మైదానాలు వచ్చాయి. చల్లిన పురుగుమందు నీటితో పాటు కిందికి ఇంకుతుంది. గుహలోకి వెళ్లి సిగరెట్ కాల్చినా ముప్పే. నికోటిన్ పురుగులకు విషం కదా!

2000లో అమెరికా ప్రభుత్వం ఈ సాలీడునీ, దాని ఆహారమైన ఆ పురుగునీ కలిపి అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. మంచి పని చేశారు. పురుగును వదిలేసి సాలీడును కాపాడతామంటే కుదిరే పని కాదు. అప్పటికి ఒక్క దఫా లెక్కలో 30కి మించి సాలీళ్లు ఎన్నడూ కనబడలేదు. 2003లో 14 చోట్ల కలిపి 272 ఎకరాలను వీటికి కీలకమైన ఆవాసంగా గుర్తించారు.

ఇప్పుడు అక్కడ చేయాల్సిన పని వింటే తోటమాలి పనిలా ఉంటుంది. జనం చొరబడకుండా గుహ ముఖాలకు గేట్లు పెట్టడం, పైనేమో లోతుగా వేరు దిగే స్థానిక మొక్కలు నాటడం, అవి నిలదొక్కుకునేదాకా నీళ్లు పోయడం. ఆ వేళ్లు కప్పు దాటి గుహలోకి దిగినప్పుడే సాలీడుకి మళ్లీ భోజనం.